వేగం లెక్క చెప్పారు, చప్పుడు లెక్క వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకు ఎలాంటి కంప్యూటర్ కావాలో చెబుతూ ఇటీవల ఒక వ్యాసం వేశారు. దొరికినవాటిలో అతి వేగమైన ప్రాసెసర్, దానికి లిక్విడ్ కూలర్, భారీ గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ ముందు వరసగా లైట్ల ఫ్యాన్లు, ఫైళ్లు దాచుకోవడానికి పెద్ద హార్డ్ డిస్క్. ప్రతి వస్తువుకూ వేగం ఎంతో రాశారు. చప్పుడు ఎంతో ఒక్కదానికీ రాయలేదు. ఆ యంత్రం పక్కన మైకు తెరిస్తే మనం నోరు విప్పకముందే దాని హోరు రికార్డవుతుంది. దానికోసం అంత డబ్బు పోయడం ఒకటి!

నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి వింటారు. మనం పట్టించుకోని సన్నటి రొద వాళ్ల చెవికి ఇట్టే దొరుకుతుంది. “మేడం, కటకాల పాఠం మధ్యలో గది మారారా?” అని ఒక అబ్బాయి అడిగాడు. గది మారలేదు. ప్రాసెసర్ మీది ఫ్యాను వేగం మారింది.

రికార్డింగ్ అంటే కంప్యూటర్‌కు చాలా బరువైన పని అని మీ వ్యాసకర్త అనుకున్నట్టున్నారు. లెక్క వేసి చూద్దాం. శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి (ఒక్కో కొలతను శాంపిల్ అంటారు), ఒక్కో శాంపిల్‌ను 24 బిట్లలో రాస్తే ఒక మైకు నుంచి వచ్చే డేటా సెకనుకు 1,44,000 బైట్లు. గంటసేపు చదివితే దాదాపు 518 మెగాబైట్లు. ఎనిమిది మైకులు ఒకేసారి పెట్టినా సెకనుకు 1.2 మెగాబైట్లు దాటదు. పాత యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు కూడా ఇది లెక్కలోది కాదు. ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతా, తెర మీద అలలా కదిలే గీతను చూపించడానికి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ సరిపోతాయి. కాకపోతే ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ అని ఉన్న ప్రాసెసర్లలో ఆ సదుపాయం ఉండదు. వాటి జోలికి పోకుండా ఉంటే చాలు.

వేగం లేకపోతే మాట ఆలస్యంగా వినిపిస్తుందని కూడా భయపెట్టారు. బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతగా పోగుచేసుకునే చోటు, 256 శాంపిల్స్ పెడితే సెకనుకు 48,000 దగ్గర దాని ఆలస్యం 5.3 మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో ఆ వ్యవధిలో పోయే దూరం 1.8 మీటర్లు. రానూ పోనూ కలిపి ఇంకొంత ఉంటుంది, నిజమే. అయినా ఈ రోజుల్లో మామూలు ఆడియో ఇంటర్‌ఫేసుల్లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెల్లో) చాలావాటికి డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉంటోంది. మన గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్లకు వచ్చేస్తుంది. పుస్తకం చదివేవాళ్లకు ఈ ఆలస్యం గొడవే లేదు.

సరే, చప్పుడు దగ్గరికి వద్దాం. హార్డ్ డిస్కును పక్కన పెడితే క్యాబినెట్‌లో వచ్చే రొదలో ఎక్కువ భాగానికి మూలం వేడే. వేడి పుడుతుంది కాబట్టి ఫ్యాను తిరగాలి, ఎక్కువ పుడితే ఎక్కువ తిరగాలి. ఫ్యాను వేగం సగానికి తగ్గితే గాలి కూడా దాదాపు సగమే వస్తుంది, కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఎందుకంటే రెక్కల చప్పుడు వేగానికి ఐదో ఘాతంతో పెరుగుతుంది. అందుకే 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి చేసే పనిని 120, 140 మిల్లీమీటర్ల ఫ్యాను తాపీగా చేసేస్తుంది. కొనేటప్పుడు 65 వాట్లకు మించని ప్రాసెసర్, దాని మీద కాస్త పెద్ద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ), ఒకటో రెండో పెద్ద ఫ్యాన్లు తీసుకుంటే చాలు. లిక్విడ్ కూలర్ ఉంటే చప్పుడు ఉండదని చాలామంది నమ్మకం. రేడియేటర్‌కు ఫ్యాన్లు ఎలాగూ ఉంటాయి, వాటికి తోడు పంపు ఒకటి నిర్విరామంగా తిరుగుతూ ఉంటుంది. 65 వాట్ల వేడికి అదంతా దండగ.

హార్డ్ డిస్క్ విషయం మరీ ముఖ్యం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ అంటే సెకనుకు 120 చుట్లు. దాని కంపనం 120 హెర్ట్జ్ దగ్గర సన్నటి మూలుగులా వినిపిస్తుంది. 5,400 అయితే 90 హెర్ట్జ్. మగవాళ్ల మాటలో మూల పౌనఃపున్యం తిరిగేది కూడా ఆ చుట్టుపక్కలే. అందువల్ల ఫిల్టర్ వేసి ఆ మూలుగును కోసేద్దామంటే గొంతులోని నిండుదనం కూడా దానితో పోతుంది. ఆపైన, కంప్యూటర్ ఉన్న బల్ల మీదే మైకు స్టాండు కూడా ఉంటే ఆ కంపనం గాలితో పని లేకుండా చెక్కలోంచే మైకులోకి ఎక్కుతుంది. ఫైళ్లను చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. రికార్డింగ్ దాంట్లోకి చేసుకుని, పని అయ్యాక బయటి హార్డ్ డిస్క్ తగిలించి కాపీ పెట్టుకుంటే సరిపోతుంది.

నా దగ్గర ఉన్నది ఆఫీసులో వాడేసిన రిఫర్బిష్డ్ యంత్రం. చిన్నది. ఇంటెల్ ఎనిమిదో తరం, పేరు చివర ‘టి’ అక్షరం, 35 వాట్ల ప్రాసెసర్. అదే తరం నుంచి విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది కాబట్టి అంతకన్నా పాతది వద్దనుకున్నాను. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మరీ పాతది చేతిలో ఉంటే విండోస్ బదులు లినక్స్ వేసుకోవచ్చు, ఉబుంటు స్టూడియో లాంటివి ఈ పని కోసమే కూర్చినవి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఆడాసిటీ, ఆర్డర్ రెండూ దాని మీద నడుస్తాయి. ఈ చిన్న యంత్రాలతో ఒక చిక్కుంది: వీటిలో ఫ్యాను కూడా చిన్నదే. బరువైన పని అప్పజెబితే కూత మొదలుపెడుతుంది. చదవడం, రికార్డు చేయడం వరకు అయితే దాని ఉనికే తెలియదు. అసెంబుల్ చేయించుకునేవాళ్లకు పెద్ద క్యాబినెట్టే మేలు.

ఆ అబ్బాయి పట్టుకున్న లోపానికి మందు ఏమిటంటే ఫ్యాను వేగం మాటిమాటికీ మారకుండా చూసుకోవడం. ఒకే తీరుగా ఉండే సన్నని రొదను చెవి కాసేపటికి వదిలేస్తుంది. పెరుగుతూ తగ్గుతూ ఉంటే వదలదు. మదర్‌బోర్డు విడిగా కొన్నవాళ్లు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత వేగం అన్న లెక్క, మార్చుకోవచ్చు. 60 డిగ్రీల దాకా ఒకటే నెమ్మది వేగం, ఆపైన మెల్లగా పెరిగేట్టు పెట్టుకోవాలి. ప్రాసెసర్ 65 డిగ్రీలు చూపించగానే కాలిపోతుందని కంగారుపడేవాళ్లున్నారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గరికి వస్తేగానీ తమంతట తాము వేగం తగ్గించుకోవు. ఆఫీసు యంత్రాల బయోస్‌లో తరచూ ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 100 బదులు 99 చేసి చూడండి. చాలా యంత్రాల్లో ఆ ఒక్క అంకెతో టర్బో (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి దిగుతుంది, ఫ్యాను నోరు మూసుకుంటుంది. పైసా ఖర్చు లేదు. ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు మళ్లీ 100 పెట్టేస్తాను. మైకు ఆపేశాక అది ఎంత గోల చేసినా నాకేం?

సంగీతం చేసేవాళ్లు ఇక్కడ అడ్డుపడతారని తెలుసు. శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసి ఉంచిన వాద్యాల శబ్దాలు), పదుల ట్రాకులు, ఒక్కో ట్రాకుకు నాలుగేసి ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెట్టేవాళ్లకు ర్యామ్ ఎక్కువ కావాలి, ప్రాసెసర్ కూడా గట్టిదే కావాలి, కాదనను. కానీ ఆ బరువంతా మిక్సింగ్‌లోది. పాడేటప్పుడు ప్లగిన్లన్నీ ఆపుకోవచ్చు, లేదా అప్పటిదాకా చేసింది ఒకే ట్రాకుగా దించుకుని దాని మీద పాడవచ్చు.

ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లో కరెంటు అందించే డబ్బా, గురించి ఒక హెచ్చరిక. మన అవసరానికి మించిన సామర్థ్యం ఉన్నదైతే తక్కువ లోడు మీద దాని ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. కొన్నిటిలో లోడు తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాను అసలు తిరగనే తిరగదు. అంతేగానీ ఫ్యాను చప్పుడు చేస్తోందని పాత ఎస్‌ఎంపీఎస్‌ను విప్పి మార్చబోవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండవచ్చు.

కొత్త వస్తువు ఏదీ కొనకుండా వచ్చే లాభం ఎక్కువగా మైకు పెట్టే తీరులో ఉంది. కార్డియాయిడ్ మైకు తన వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువగా తీసుకుంటుంది. కంప్యూటర్‌ను పక్కనో ఎదురుగానో కాకుండా మైకు వీపు వైపు పెట్టాలి. అప్పుడు మైకు ముఖం చదివేవాళ్ల వైపు, అంటే వాళ్ల వెనకున్న గోడ వైపు ఉంటుంది. కంప్యూటర్ రొద ఆ గోడకు తగిలి తిరిగొచ్చి మైకు ముఖంలోనే పడుతుంది. అందుకే నేను మందపాటి బొంత నా వీపు వెనక వేలాడదీస్తాను. చాలామంది మైకు వెనక గోడకు అంటించి తృప్తిపడతారు. ఇక దూరం. ఆరుబయట అయితే దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో గోడల వల్ల అంత తగ్గదు. వీలున్నవాళ్లు కంప్యూటర్‌ను పక్క గదిలో పెట్టి తలుపు వేసుకోవడమే ఉత్తమం. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. మైకుకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ దానికి ఎన్నో రెట్లు పొడవున్నా ఇబ్బంది లేదు, పొడిగించేదేదో దాన్నే పొడిగించండి. చప్పుడు రాకూడదని కంప్యూటర్‌ను అల్మారాలో పెట్టి మూసేవాళ్లూ ఉన్నారు. కాసేపటికి లోపల గాలి వేడెక్కి ఫ్యాన్లు ఇంకా పెద్దగా అరుస్తాయి.

“రొద వస్తే ఏముంది, సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చు” అని మీ వ్యాసం చివర ఒక్క వాక్యంలో తేల్చేశారు. అదే నన్ను ఈ ఉత్తరం రాయించింది. నాయిస్ రిడక్షన్‌కు ముందుగా ఖాళీ చోటు నుంచి రొద నమూనా ఇవ్వాలి. ఫ్యాను వేగం మారిందంటే ఆ నమూనా తర్వాతి పేరాకు పనికిరాదు. గట్టిగా వేస్తే స, శ, ష మూడూ అంచులు అరిగి ఒకేలా వినిపిస్తాయి, మాటంతా నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పుస్తకం కనిపించని పిల్లవాడికి అది శకలమో సకలమో చెప్పాల్సింది ఆ అక్షరమే. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ నిబంధన చూడండి: రికార్డింగ్‌లో పట్టే గరిష్ఠ స్థాయిని సున్నా అనుకుంటే, మాట సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, ఖాళీల్లో రొద మైనస్ 60 కంటే కింద ఉండాలి. అంటే మాటకూ రొదకూ మధ్య 40 డెసిబెల్స్ దాకా తేడా కావాలి. ఆ తేడా సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా గదిలోనే తెచ్చుకోవాలి.

ఫ్యాను లేని కంప్యూటర్లు కూడా ఉన్నాయి. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అలాంటిదే. ఇంట్లో అలాంటిది ముందే ఉన్నవాళ్లకు నేను రాసినదాంట్లో సగం అనవసరం. లేనివాళ్ల గురించే నా గోడు.

మీ పేజీకి నా మనవి ఒకటే. ఇకముందు ఏ కంప్యూటర్ గురించి రాసినా, దానికి ఒక మీటరు దూరంలో మైకు పెట్టి, ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డు చేయించండి. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, పని చేస్తున్నప్పుడు మరోసారి. మైకు, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే మీట), గది ప్రతిసారీ అవే ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు. ఆ రెండు ముక్కలూ మీ వెబ్‌సైటులో పెట్టి, వ్యాసం కింద లింకు ఇవ్వండి. మీ వ్యాసకర్తకు తీరిక లేకపోతే, ఆ పద్ధతి దగ్గరుండి చూపించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)