పెద్ద పండక్కి తెచ్చే జాకెట్ల గురించి

కళింగపట్నం

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

పెద్ద పండక్కి వచ్చినప్పుడు బావతో కలిసి తెరచాప పడవ తీస్తానని, లైఫ్ జాకెట్లు మూడూ హైదరాబాదులోనే కొని తెస్తానని ఫోన్లో అన్నావు. మూడూ ఒకటే రకం కొనెయ్యకు నాన్నా. నీకు సరిపోయేది బావకి సరిపోదు, బావది చెల్లికి పనికిరాదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కొట్టుకి వెళ్లేటప్పుడు ఈ కాగితం జేబులో పెట్టుకో.

ముందు జాకెట్టు లోపల కుట్టిన చీటీ చూడు. 50, 100, 150, 275లలో ఏదో ఒక అంకె, పక్కన న్యూటన్లు అని ఉంటుంది. 10 న్యూటన్లంటే ఇంచుమించు ఒక కిలోని తేల్చే బలం. 50 అంటే 5 కిలోలన్నమాట. 65 కిలోల మనిషికి 5 కిలోలు ఏ మూలకి అనుకోకు. నీళ్లలో దిగిన మనిషి బరువు దాదాపు అంతా నీరే మోస్తుంది. తల పైన నిలబడ్డానికి మనిషికి కావలసిన ఆసరా 3 నుంచి 5 కిలోలు. ఒళ్లున్నవాళ్లు తేలిగ్గా తేలతారు, నీలాగ ఎముకా కండా తప్ప ఏమీ లేనివాళ్లు గబుక్కున దిగిపోతారు. చిన్న సైజుల్లో తేల్చే బలం ఆ అంకె కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, చీటీ మీద రాసిన మనిషి బరువు నీ బరువుకి కలిసిందో లేదో కూడా చూసుకో.

50 రాసినదాన్ని లైఫ్ జాకెట్టు అనకూడదు, దాని పేరు బాయన్సీ ఎయిడ్. ఈత వచ్చినవాడికి, తెలివిలో ఉన్నవాడికి అది ఊతం. దెబ్బ తగిలి స్పృహ తప్పి బోర్లా పడితే వెల్లకిలా తిప్పదు. అలా తిప్పడానికే 100, ఆపై రకాలకి మెడ వెనక కాలరు, రొమ్ము మీద ఎక్కువ దూది ఉంటాయి. దూది అని మనం అలవాటుగా అంటాం గాని, లోపల ఉండేది నీరు పీల్చని ఫోమ్.

అయితే అందరం 150 వేసుకుంటే పోలే అంటావు. చిన్న తెరచాప పడవలో కుదరదు. గాలి విసురుకి పడవ ఒరిగి పడ్డం అందులో మామూలే. పడ్డవెంటనే ఈది చుట్టూ తిరిగి రావాలి, సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) మీదకెక్కి బరువంతా వేసి పడవని లేపాలి, అంచు మీంచి పొట్టతో పాకి లోపల పడాలి. రొమ్ము మీద లావుపాటి దిండు కట్టుకుని అంచు ఎక్కి చూడు, చేతులు అందవు. గాలి నిండిన జాకెట్టుతో అయితే వెల్లకిలా తప్ప ఈదడమే కష్టం. అందుకే నీకు 50 చాలంటున్నాను. నడుం దాకానే వచ్చే పొట్టి కత్తిరింపుది చూడు. పొడుగైతే కూర్చున్నప్పుడు తొడల మీద ఆని గడ్డం కిందకి తన్నుకొస్తుంది. చంకల దగ్గర బాగా కోసి ఉండాలి, ముందు వేలాడే కొక్కేలు, తాళ్లు ఉండకూడదు. పడవ తిప్పినప్పుడల్లా తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ కర్ర కింద నుంచి దూరాలి గదా, తాడు ఏ కొక్కేనికైనా చిక్కిందంటే నువ్వు పడవకి కట్టేసినట్టే.

తనంతట తను ఉబ్బే గ్యాస్ జాకెట్టు చూపించి సన్నగా తేలిగ్గా ఉంటుందని కొట్టువాడు చెప్తాడు. వద్దను. దాని లోపలి గ్యాస్ సిలిండరుని పొడిచే మీటని పట్టి ఉంచేది నీళ్లు తగిలితే కరిగిపోయే బిళ్ల. కెరటం తుంపర్లకి, చివరికి మన సముద్రపు చెమ్మకి కూడా అది కరిగి జాకెట్టు ఉబ్బిపోగలదు. అసలు భయం అది కాదు. పడవ బోల్తా కొట్టి నువ్వు తెరచాప కింద ఉండగా అది ఉబ్బితే, నిన్ను పైకి తోసి గుడ్డకి అదిమి పెట్టేస్తుంది, కిందకి మునిగి పక్కకి రావడానికి వీలుండదు. నీ స్నేహితుల్లో ఎవరికైనా అలాంటిది ముందే ఉంటే సిలిండరు విప్పి తూయించమను. 150 రకంలో ఎక్కువగా 33 గ్రాముల గ్యాస్ ఉంటుంది, మొత్తం బరువు ఎంతుండాలో సిలిండరు మీదే కొట్టి ఉంటుంది. బంగారం కొట్టు తూకంలో అంతకన్నా తగ్గినా, మర దగ్గర తుప్పు కనిపించినా మార్చాల్సిందే.

బావ సంగతి వేరు. వాడు చెరువులో ఈదినవాడే గాని కెరటాల్లో కాదు. వాడికి కాలరున్న 100 ఫోమ్ తీసుకో. కదలడానికి కాస్త ఇబ్బందే, పరవాలేదు. పడవ లేపే పని నువ్వు చూసుకుంటావు, వాడు పడవని పట్టుకుని ఉంటే చాలు.

చెల్లి 28 కిలోలుంది. పిల్లల జాకెట్టు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి కొనాలి. స్కూలు యూనిఫాం కొన్నట్టు పెరుగుతుంది కదా అని పెద్ద సైజు మాత్రం తేకు. వదులు జాకెట్టులోంచి పిల్ల కిందకి జారిపోతుంది, జాకెట్టు ఒక్కటీ పైన తేలుతుంది. తలని ఎత్తి పట్టే కాలరు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, మెడ వెనక పట్టుకుని లాగడానికి గట్టి పిడి ఉండాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఆ జాకెట్టు మనకొద్దు.

కొట్లో తొడిగి చూడకుండా కొనకు. పడవలో ఏ చొక్కా వేసుకుంటావో దాని మీదే రొమ్ము చుట్టుకొలత తీయించు. జిప్ వేశాక ముందు నడుం బెల్టు బిగించు, తర్వాత పైవి, ఆఖర్న భుజాలవి. నిండా ఊపిరి పీల్చగలగాలి. అప్పుడు ఎవరినైనా వెనక నిలబడి రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమను. జాకెట్టు చెవుల దాకా వచ్చిందంటే అది నీ సైజు కాదు, లేదా బెల్టు బిగించలేదు. కింద కూర్చుని, చేతులు పైకెత్తి, నడుం వంచి తాడు లాగినట్టు కూడా చేసి చూడు.

రంగు నారింజ గాని, పసుపు గాని. నీకు నీలం ఇష్టమని తెలుసు, కానీ నురగల మధ్య నీలం చొక్కా ఒడ్డు మీంచి కనబడదు నాన్నా. భుజాల మీద మెరిసే పట్టీలు, లోపల గోళీ లేని ఈల ఉండాలి. గోళీ ఈల తడిస్తే పలకదు.

జలాశయాల దగ్గర షికారు పడవల్లో ఇచ్చే నాడాల జాకెట్ల లాంటివి చవగ్గా దొరుకుతాయి. కొన్నిట్లో ముక్కలు ముక్కలుగా థర్మోకోల్ ఉంటుంది, నొక్కితే కరకరమంటుంది. అనుమానముంటే ఇంటికి తెచ్చాక మన నీళ్లతొట్టెలో పరీక్ష చేద్దాం. 50 దానికి కిరాణా కొట్టు 5 కిలోల ఇనప తూనికరాయి కట్టి వదలాలి. నీళ్లలో ఆ రాయి 4 కిలోల 400 గ్రాములకి మించి తూగదు. ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని మోయలేక మునిగిందంటే చీటీ మీద అంకె అబద్ధం. తర్వాత మీ ముగ్గురూ నదిలో రొమ్ములోతున దిగి వెనక్కి వాలి చూడాలి, నోరు నీటి మట్టం కన్నా పైనుండాలి.

నీ హుస్సేన్ సాగర్లో పక్కనే రెస్క్యూ బోటు తిరుగుతుంటుంది. ఇక్కడ ఆ బోటు మనమే ఏర్పాటు చేసుకోవాలి. వంశధార లోపల తిరిగినంతసేపూ 50 ధీమాగా వేసుకో. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేటల మీద కెరటం విరుగుతుంది, నీరు తీసే వేళ ఎదురుగాలి ఉంటే ఇంకా నిటారుగా లేస్తుంది. జాకెట్టుతో కెరటం కిందకి మునగలేవు, అది నిన్ను పైనే ఉంచుతుంది. కెరటానికి వీపు పెట్టి ఊపిరి బిగబట్టడం ఒక్కటే దారి. కాబట్టి వెనక ఇంజన్ పడవ లేకుండా ఆ చోటు దాటొద్దు. చెల్లిని అయితే నది వదిలి సముద్రంలోకి తీసుకెళ్లనే వద్దు. జీన్స్ కూడా వద్దు. తడిసిన జీన్స్ నీళ్లలో నిన్ను ముంచెయ్యదు గాని, పడవ ఎక్కేటప్పుడు పట్టుకుని కిందకి లాగుతుంది.

వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో వేలాడదియ్యాలి. ఎండకి గుడ్డా దారం పుచ్చిపోతాయి. మడిచి పీటలాగ వేసుకుని కూర్చుంటే ఫోమ్ అణిగిపోతుంది, అణిగింది మళ్లీ లేవదు. రంగు వెలిసిన బెల్టుని గట్టిగా గుంజి చూడు, పోగులు తెగితే కుట్టించే ప్రయత్నం చెయ్యకు.

బావ రొమ్ము కొలత 94 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. చెల్లి రొమ్ము కొలత 64. నీది మాత్రం టైలరు దగ్గర మళ్లీ తీయించు, దసరాకి వచ్చినప్పటికే చిక్కిపోయి ఉన్నావు. కొనేముందు మూడు చీటీలూ ఫోటో తీసి పంపు.

మీ అమ్మ