ఆటోనగర్ పెద్దాయనకి కృతజ్ఞతలు

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి పాత బుల్లెట్‌కి వెనక షాకబ్జర్లు సరిచేసి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకి ఈ నాలుగు మాటలు.

బాబాయ్ గారూ, కుడివైపు కొత్త షాకబ్జర్ కింద స్టడ్ (దాన్ని తగిలించే బోల్టు) మీద వంకరగా కూర్చుంటోంది. షాపు కుర్రాడు సుత్తి అందుకోబోతే మీరు టీ గ్లాసు పక్కన పెట్టి, "ఆగు నాయనా, కొడితే బుష్ పోద్ది" అంటూ వచ్చారు (బుష్ అంటే అతుకు లోపల ఉండే తొడుగు).

ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి పొడవు కొలిచారు. సమానమే. తర్వాత చక్రం ఊడదీసి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ని పక్కలకి ఊపి చూపించారు. ఆ ఆర్మ్ బండికి అతుక్కునే ఇరుసు దగ్గరి బుష్‌లు అరిగి ఆర్మ్ ఒక పక్కకి జరిగింది. అసలు జబ్బు అక్కడుంది! బుష్‌లు మార్చాక షాకబ్జర్ చేత్తో తోస్తేనే వెళ్లి కూర్చుంది.

అప్పుడే నట్లు బిగించనివ్వలేదు మీరు. బండిని స్టాండ్ దించి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, బరువు పడ్డాకే గట్టిగా బిగించారు. చక్రం గాల్లో ఉండగా బిగిస్తే, దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుందన్నారు. స్ప్రింగ్ కింద బిగువు మార్చే గాటు రెండువైపులా ఒకటే ఉంచారు. చివర్లో పురికొస లాగి ముందు చక్రం, వెనక చక్రం ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశారు. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

గుంటూరు దాకా నడిపాను. వంతెన అతుకుల మీద కూడా వెనక చక్రం పక్కకి లాగడం లేదు. డబ్బు వద్దన్నారు కాబట్టి, మా నాన్నగారి తరఫున, నా తరఫున నమస్కారాలు అందుకోండి.