మా ఫైలు చదివిన మనిషితో మాట్లాడించండి

జనరల్ మేనేజర్ గారికి,

విషయం: దక్షిణ ఫ్రాన్స్ కారు యాత్ర బుకింగు. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా సరైన జవాబు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

ఈ ఉత్తరం మీ చేతిదాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మీ కస్టమర్ కేర్‌కి రాసిన మెయిళ్లన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ అభ్యర్థన అందింది, మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు." ఆ ప్రతినిధి ఎవరో మాకు ఇవాళ్టికీ తెలీదు. అందుకే కాగితం మీద రాసి మీ పేరనే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

తప్పులు జరిగాయని కాదు నా బాధ. తేదీలు తారుమారవుతాయి, హోటళ్లు మారతాయి, ఎవరో ఒకరు ఒక ఊరికి బదులు ఇంకో ఊరు కొడతారు. ఒక ఫోనుతో సర్దుకునే తప్పులవి. ఆ ఫోను ఎత్తి, విని, రాసుకుని, మర్నాడు మళ్లీ మాకు చెప్పే మనిషి మీ కంపెనీలో ఒక్కరు కూడా లేకపోయారు. నా ఫిర్యాదు అదీ.

మేం మీకు కొత్తవాళ్లం కాదు. మా అత్తగారిని కాశీ, గయ తీసుకెళ్లింది మీతోనే. చార్‌ధామ్ వెళ్లింది మీతోనే. మా అమ్మాయి పెళ్లయ్యాక దానికీ అల్లుడికీ బాలి టికెట్లు మీ దగ్గరే తీశాం. తెనాలిలో మా వీధివాళ్లు ఎవరు యాత్ర మాటెత్తినా మీ నంబరే ఇచ్చేదాన్ని. అప్పట్లో మీ విజయవాడ ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. బయల్దేరే ముందు రోజు ఆయనే ఫోన్ చేసి, "అమ్మా, స్వెట్టర్లు పెట్టుకున్నారా, బీపీ మాత్రలు చేతిసంచిలో ఉంచుకోండి" అని గుర్తుచేసేవారు. ఆయన రిటైరయ్యారట. ఆయనతోపాటు మీ ఆఫీసులో మనిషిని మనిషిగా పలకరించే పద్ధతి కూడా వెళ్లిపోయింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసంతా పిల్లలకి వాన్ గోగ్ బొమ్మలు పుస్తకాల్లో చూపించి రంగుల గురించి చెప్పాను. ఆయన పొద్దుతిరుగుడు పూలు గీసిన ఆర్ల్ ఊరు, 1889 మే నుంచి ఏడాదిపాటు మానసిక చికిత్స కోసం ఉన్న సెం-రెమీ ఆశ్రమం నా కళ్లతో చూడాలని కోరిక. మా తమ్ముడు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేశాడు. వాడికి పోం దు గార్ చూడాలని. రోమన్లు నీమ్ నగరానికి నీళ్లు తీసుకెళ్లడానికి నది మీద మూడంతస్తులుగా కట్టిన వంతెన అది, 49 మీటర్ల ఎత్తు. దాదాపు 50 కిలోమీటర్ల కాలువ మొత్తానికి వాలు 12 మీటర్ల చిల్లర మాత్రమేనని వాడు చెప్తుంటే కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లం మేమంతా నోరెళ్లబెట్టి విన్నాం. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు నలుగురం ఒక కారులో వెళ్దామని, మావారు, తమ్ముడు మార్చి మార్చి నడపాలని అనుకున్నాం. పండగ కాగానే మీకు అడ్వాన్సు కట్టాం.

మొదట మాట్లాడిన అబ్బాయికి అన్నీ వివరంగా చెప్పాను. జూన్ నెలాఖరే ఎందుకు కావాలో కూడా చెప్పాను. వాలెన్సోల్ పీఠభూమిలో లావెండర్ జూన్ రెండో సగంలో రంగు తేలుతుంది, జూలై నెలాఖరుకి కోతలైపోతాయి. జూలైలో అవిన్యోన్‌లో 1947 నుంచి జరుగుతున్న నాటకోత్సవం ఉంటుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. ఎండలు ముదిరితే మార్సెయ్, కాసీ ఊళ్ల పక్కన కలాంక్ కొండల దారుల్ని అడవి మంటల భయంతో మూసేసే రోజులుంటాయి. పైగా వాన్ గోగ్ ఆ నక్షత్రాల రాత్రి బొమ్మ వేసింది 1889 జూన్‌లో. ఆ నెలలోనే ఆ ఆశ్రమంలో నిలబడాలని నాకు ఉంది. ఆ అబ్బాయి అంతా విని "సూపర్ మేడమ్, నోట్ చేసుకున్నాను" అన్నాడు. తర్వాత వచ్చిన ప్లాన్‌లో తేదీలు ఆగస్టు ఆఖరి వారానివి. సెం-రెమీ లేదు. పోం దు గార్ లేదు. వాటి చోట మొనాకో పెట్టారు.

సరే, పొరపాటనుకున్నాం. ఫోన్ చేశాం. ఆ అబ్బాయి వేరే టీమ్‌కి మారాడన్నారు. లైన్లోకి వచ్చిన అమ్మాయికి మళ్లీ మొదటినుంచీ చెప్పాను. "లావెండర్ ఆగస్టులో కూడా ఉంటుంది ఆంటీ" అంది. ఎత్తు మీదున్న సో ప్రాంతంలో ఆగస్టు మొదట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు గానీ నెలాఖరుకి మొదళ్లు తప్ప ఏం ఉండవమ్మా అన్నాను. "మీకెలా తెలుసు ఆంటీ, ఎప్పుడైనా వెళ్లారా?" అని అడిగింది. చిన్నపిల్లని ఊరుకున్నాను గానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. వెళ్లలేదు కాబట్టే కదా తల్లీ నెలల తరబడి చదివి, పటం మీద పెన్సిలుతో గీసుకుని, మీ దగ్గరకొచ్చింది.

ఆమె "రిక్వెస్ట్ రైజ్ చేశాను, టికెట్ నంబర్ వస్తుంది" అంది. టికెట్ అంటే ఫిర్యాదు నంబరట, అది వచ్చింది. మర్నాడు సాయంత్రం "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని మెసేజీ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. ఇదేమిటని అడిగితే పాత టికెట్ క్లోజయింది, కొత్తది రైజ్ చేయాలన్నారు. కొత్తది రైజ్ చేస్తే మళ్లీ కొత్త మనిషి. మళ్లీ జూన్ ఎందుకో, సెం-రెమీ ఎందుకో, మొదటినుంచీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. ఒక్కోసారి నేను చెప్తుంటే మావారు పక్కగదిలోకి వెళ్లిపోయేవారు, వినలేక.

వీళ్లలో ఒక సీనియర్ ఎగ్జిక్యూటివ్ గారి సంగతి ప్రత్యేకంగా రాయాలి. నీమ్‌లో రెండు రాత్రులు కావాలని మేం అడిగితే నీస్‌లో గదులు వేశారు. రెంటికీ మధ్య దాదాపు 280 కిలోమీటర్లు. అది చెప్తే "రెండూ ఫ్రాన్సే కదండీ, కారుంది కదా, వెళ్లిపోవచ్చు" అన్నారు. ఆయనే ఇంకో రోజుకి అవిన్యోన్ నుంచి పొద్దున్నే బయల్దేరి వెర్డోన్ లోయ చూసుకుని రాత్రికి కార్కసోన్ కోట చేరాలని రాశారు. వెర్డోన్ అవిన్యోన్‌కి తూర్పున, కార్కసోన్ పడమట. ఒక్కసారి పటం చూసిన మనిషైనా అలా రాయడు. వెర్డోన్‌లో 700 మీటర్ల లోతు లోయ అంచున మెలికలు తిరిగే దారిలో అరవై దాటిన ఇద్దరు మగాళ్లు అలవాటు లేని కుడిపక్కన బండి నడుపుతారు. రోజుకి ఎంత దూరం పెడుతున్నాం, వాళ్లకి విశ్రాంతి ఎక్కడ అన్న ఆలోచన ఆయనకి ఎందుకు రాలేదు? పొరపాటు చూపిస్తే "ప్లాన్ సిస్టమ్ ఇచ్చిందండీ" అన్నారు. డబ్బు కట్టించుకున్నది సిస్టమ్ కాదు, మీరు.

కారు సంగతీ ఇంతే. మావారికి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేరు, ఆటోమేటిక్ కావాలని మొదటి రోజే రాసిచ్చాం. ఫ్రాన్స్‌లో అద్దె కార్లలో గేర్ల బండ్లే ఎక్కువని, ఆటోమేటిక్ కావాలంటే ముందే గట్టిగా చెప్పి ఉంచుకోవాలని మాకూ తెలుసు. వచ్చిన వోచర్లో గేర్ల బండి ఉంది. మీ వాళ్లేమన్నారంటే, అక్కడ కౌంటర్లో అడిగి మార్చుకోండి అని. దిగాక అది దొరక్కపోతే మాకు దిక్కెవరు?

ఇక వీసా. హైదరాబాద్‌లో వేలిముద్రలకి మాకు స్లాటు దొరికింది. ఫైల్లో హోటల్ వోచర్లుండాలి, రోజువారీ ప్రయాణ వివరం ఉండాలి, 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. బీమా మేమే తీసుకున్నాం. సరిచేసిన వోచర్లు ముందు రోజు సాయంత్రంలోగా వస్తాయని మీ వాళ్లు ఒట్టేసినంత గట్టిగా చెప్పారు. మా తమ్ముడూ మరదలూ రాజమండ్రి నుంచి, మేం తెనాలి నుంచి రైలెక్కి వెళ్లాం. రాత్రంతా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాం. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేస్తే "బ్యాక్ ఎండ్ టీమ్ పదకొండుకి వస్తారు మేడమ్" అన్నారు. మా స్లాటు పది గంటలకి. నలుగురం ఆ వీసా కేంద్రం బయట ఎండలో నిలబడి, లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చాం. ఆ రోజు మా మరదలు ఏడ్చింది. మీ దగ్గర్నుంచి వోచర్లు ఆ తర్వాత కూడా రాలేదు, క్షమించండి అన్న మాటా రాలేదు.

తర్వాత నేనే స్వయంగా మీ విజయవాడ ఆఫీసుకి వచ్చాను. రిసెప్షన్లో అమ్మాయి "సర్ మీటింగ్‌లో ఉన్నారు" అని కుర్చీ చూపించింది. గోడ నిండా లావెండర్ పొలాల పోస్టర్ ఉంది, మధ్యలో సెనాంక్ మఠం. 1148లో స్థాపించిన ఆ మఠం ముందు నిలబడి బొమ్మ వేసుకోవాలని నేను స్కెచ్ పుస్తకం కూడా కొనుక్కున్నాను. ఆ పోస్టర్ కింద సాయంత్రం దాకా కూర్చున్నాను. నా తర్వాత వచ్చి కొత్త ప్యాకేజీ అడిగినవాళ్లని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. నా ముందునుంచే "సర్" భోజనానికి వెళ్లి వచ్చారు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆఫీసు మూసే వేళకి "మెయిల్ పెట్టండి మేడమ్" అన్నారు.

నా వయసు మనిషిని అలా కూర్చోబెట్టినందుకు మీలో ఎవరికీ సిగ్గనిపించలేదు. నేను దయ అడగడానికి రాలేదు. డబ్బు కట్టినదాన్ని, జవాబు అడగడానికి వచ్చాను.

ఇప్పుడు డబ్బు వెనక్కివ్వమంటే, తేదీలు మార్చమన్నది మేమే గనుక రద్దు ఛార్జీలు పడతాయని మెయిల్ వచ్చింది. ఇంతకాలంలో మీ దగ్గర్నుంచి ఆలస్యం లేకుండా వచ్చిన జవాబు ఇదొక్కటే. తేదీలు మార్చింది మీరు. మేం ఇచ్చిన జూన్ తేదీలు మొదటి మెయిల్లోనే ఉన్నాయి. మా దగ్గర పట్టుకున్న టీసీఎస్ పన్ను కూడా మా ఆదాయపు పన్ను ఖాతా పత్రం 26ఏఎస్‌లో ఇంకా కనబడలేదు, దానికీ జవాబు లేదు. మావారు, తమ్ముడు ఆర్టీవో ఆఫీసులో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు ఏడాదే చెల్లుతాయి. ఈ జూన్ పోతే వాటికి గడువు తీరిపోతుంది.

నాకు కావాల్సిందేమిటని మీరు అడుగుతారేమో. నిన్నటిదాకా యాత్ర జరిపించమనే అనాలనుకున్నాను. ఇవాళ ఇది రాస్తుంటే, మీ చేతుల్లో పెట్టి మావారిని ఆ కొండదారుల్లోకి పంపాలా అని భయం వేస్తోంది. అయినా కోరిక చావలేదు. జూన్ నెలాఖరుకి ఇంకా వ్యవధి ఉంది. ఇప్పటికైనా మేం రాసిచ్చిన దారినే, మేం అడిగిన బండితో, సరైన వోచర్లతో పంపగలిగితే పంపండి, కొత్త వీసా స్లాటు బాధ్యత మీదే. పంపలేకపోతే కట్టిన ప్రతి రూపాయీ, హైదరాబాద్ రాకపోకల ఖర్చులూ వెనక్కివ్వండి. మా నలుగురికీ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పండి. రెంటిలో ఏది చేసినా ఆ క్షమాపణ మాత్రం నాకు కావాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అప్పటికీ కదలకపోతే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు, వకీలు లేకుండా నేనే వాదించుకోవచ్చు. నాకు తీరిక ఉంది. ప్రతి మెయిలూ, ప్రతి టికెట్ నంబరూ ఫైలు చేసి ఉంచాను. మా ఊరి రిటైర్డ్ ఉపాధ్యాయుల సంఘంలో ఏటా ఎంతోమంది యాత్రలకి వెళ్తారు, ఇన్నాళ్లూ వాళ్లని మీ దగ్గరికి పంపింది నేనే. వచ్చే సమావేశంలో ఈ ఉత్తరం వాళ్లందరి ముందు చదువుతాను.

ఫోన్ చేసేవాళ్లు ముందు మా ఫైలు మొత్తం చదివి, పటం ముందు పెట్టుకుని చేయండి. ఫోన్లో తమ పేరు, హోదా చెప్పాలి. జూన్ ఎందుకని మళ్లీ అడిగేవాళ్లతో నేను మాట్లాడను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
తెనాలి

జత: మొదటి మెయిల్ ప్రతి, మీరు పంపిన ప్లాన్, అడ్వాన్సు రసీదు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం.