చెన్నైకి కారులోనే వెళ్లాలా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి చెన్నై వడపళనిలో కాపురం ఉంటోంది. ఏళ్ల తరబడి నెల్లూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద కారులోనే వెళ్లి వచ్చేవాణ్ణి. నాయుడుపేట, సూళ్లూరుపేట హాయిగానే దాటిపోయేవాళ్లం గానీ, రెడ్‌హిల్స్ చేరింది మొదలు క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేసేది. నిరుటి నుంచి రైల్లో వెళ్లి, సెంట్రల్‌లో దిగి, అక్కడే భూగర్భంలో ఉన్న మెట్రో ఎక్కుతున్నాను.

2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరుల మధ్య మొదలైన ఆ మెట్రో ఆకుపచ్చ మార్గంలో ఇప్పుడు సెంట్రల్ నుంచి ఎగ్మూరు, అన్నానగర్ మీదుగా వడపళని దాకా రైలు మారకుండా వెళ్లవచ్చు. సీటు దొరకని రోజులూ లేకపోలేదు. అయినా తిరుమంగళం దాటాక రైలు సొరంగంలోంచి వెలుతురులోకి వచ్చి, కింద రోడ్డు మీద కదలని కార్ల బారు కనిపించినప్పుడల్లా, వాటిలో మన నెల్లూరు వాళ్లు ఎందరున్నారో అనుకుంటాను.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. రాత్రి పొద్దుపోయి నెల్లూరులో దిగితే, పొదలకూరు రోడ్డుకు ఆటో బేరం తప్ప గతి లేదు; ఆ బేరానికి జడిసే మా వీధిలో చాలామంది కారు తీస్తున్నారు. మన ఊరికి మెట్రో కావాలని నేను అడగడం లేదు. చెన్నై నుంచి సాయంత్రం, రాత్రి వచ్చే రైళ్ల వేళలకు సరిపడేలా స్టేషను నుంచి పొదలకూరు రోడ్డుకు, మాగుంట లేఅవుట్‌కు చిన్న బస్సులు నడిపే విషయం అధికారులు పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నెల్లూరు