నా ఫోన్ తాళం తీయించిన ముగ్గురికి

వరలక్ష్మీ వ్రతం ఇంకా మూడు రోజులుందనగా, మంగళవారం పొద్దున్నే నా ఫోన్‌కు తాళం పడింది. ఏది నొక్కినా వాయిదా బాకీ ఉందన్న మాటే. వాయిదాల మీద కొన్న ఫోనే, కాదనను. కానీ పదికి పదీ కట్టేశాను.

నేను కడపలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మిషన్ పక్కన 14 జాకెట్ గుడ్డలు, ఆది జాకెట్లతో కలిపి మూటలు కట్టి ఉన్నాయి. ఎవరికి పాట్ నెక్, ఎవరికి బోట్ నెక్, ఎవరికి డోరీలు, అన్నీ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోల్లోనే ఉన్నాయి. గుర్తుందిలే అని ఒకటి కోశాను. తప్పు కోశాను. (ఆ వదినకు కొత్త గుడ్డ కొనిచ్చాను, అది వేరే కథ.)

మావారి ఫోన్ నుంచి అప్పిచ్చిన కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే ఓటీపీ చెప్పమంటుంది. అదేమో తాళం పడిన ఫోన్‌కే వస్తుంది! ఎలాగో ఒక మనిషి దొరికితే, "ముందు కట్టేయండి, తప్పయితే తర్వాత వెనక్కి వేస్తాం" అన్నాడు. ఇంట్లో మా అత్త కూడా "నిజంగా కట్టినావా?" అని రెండుసార్లు అడిగింది. ఫోన్ కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది.

ఏడురోడ్ల దగ్గర సెల్ షాపు తమ్ముడికి మొదటి దండం. ఫ్లాష్ కొట్టమని, అంటే లోపలున్నదంతా చెరిపి సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించమని, నేనే 800 ఇవ్వబోతే తీసుకోలేదు. "ఫొటోలన్నీ పోతాయక్కా, రేపు తప్పు నీదే అంటారు" అన్నాడు. పిన్నుతో నా సిమ్ తీసి మావారి ఫోన్‌లో వేశాడు. ఓటీపీ గోల అంతటితో సరి. ఇంత చిన్న ముక్క నాకెందుకు తట్టలేదో!

అతనే 1915కు చేయమన్నాడు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్న ఆయనకు రెండో దండం.

బుధవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఒకమ్మాయి తానే ఫోన్ చేసింది. ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) అడిగితే ఫోన్ డబ్బా వెతికాను. అందులో హుక్కులు పోసి పెట్టుకున్నాను, అన్నీ కింద గుమ్మరించి 15 అంకెలు చదివాను. తర్వాత పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని, యూపీఐ లైన్‌లోని 12 అంకెల నంబరు చెప్పమంది. సిరా వెలిసి ఒక అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. విసుక్కోకుండా రెండూ వేసి చూసింది. ఎనిమిదితో దొరికింది. ఒక నెల ఖాతాలో డబ్బు లేక చెక్ బౌన్స్ అయినట్టు వాయిదా తిరిగిపోతే, మర్నాడు నేను లింకులో యూపీఐతో కట్టాను. ఆ డబ్బే లోన్ నంబరు లేకుండా వేరేచోట పడి ఉందట. "మీ డబ్బు మాకు వచ్చిందమ్మా, మీ తప్పేం లేదు" అంది. స్పీకర్‌లో పెట్టి ఆ మాట మళ్లీ చెప్పమన్నాను. మా అత్త వినాలి కదా.

గురువారం సాయంత్రం షాపు తమ్ముడి హాట్‌స్పాట్‌కు కలిపి ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే తాళం పోయింది. ఆ రాత్రి రెండింటిదాకా మిషన్ ఆడింది. వారానికి ఎన్‌ఓసీ, అంటే బాకీ ఏమీ లేదన్న కాగితం, కూడా వచ్చింది.

కంపెనీ అమ్మాయీ, నీ ఊరు అడగడం మర్చిపోయాను. ఎప్పుడైనా కడప వస్తే ఒక బ్లౌజు నా ఖర్చుతో. తమ్ముడూ, మీ అమ్మ ఆది జాకెట్టు రేపే పంపు.