మానా: చివరి ఊరా, తొలి ఊరా?

సంపాదకులకు,

చార్‌ధామ్ యాత్ర మొదలైతే చాలు, బదరీనాథ్‌కి 3 కిలోమీటర్ల పైనున్న మానాను 'దేశపు చివరి గ్రామం' అని రాస్తుంటారు. 2023లో సరిహద్దు రోడ్ల సంస్థ అక్కడ 'తొలి గ్రామం' అని బోర్డు పెట్టింది. నిజానికి అది వర్తకుల ఊరు.

అక్కడి మార్ఛా భోటియా తెగవాళ్లు మంచు కరగగానే 5,600 మీటర్ల ఎత్తున్న మానా కనుమ దాటి టిబెట్‌కి ధాన్యం, బెల్లం తీసుకెళ్లి ఉప్పు, ఊలు, వెలిగారం తెచ్చేవారు. మోసేవి గొర్రెలు, మేకలు. వీపుకి రెండు పక్కలా సంచులు, జీవానికి పది కిలోలకు అటూఇటుగా. టన్ను ఉప్పు దిగాలంటే వంద జీవాలు కావాలన్నమాట. 1624లో ఆంటోనియో ది ఆండ్రేడ్ అనే జెసూట్ పాద్రీ బదరీ యాత్రికుల వెంట వచ్చి, ఈ కనుమ మీదుగానే పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజధాని సాపరాంగ్ చేరాడు. టిబెట్ చైనా చేతికి వెళ్లాక సన్నగిల్లిన ఈ బేరం 1962 యుద్ధంతో ఆగిపోయింది. మగ్గాలు మాత్రం ఆగలేదు. నవంబరులో గుడి మూసేనాడు బదరీనారాయణుడికి నెయ్యి పూసి కప్పే కంబళి, మానాలో పెళ్లికాని ఆడపిల్లలు నేసిందే. మళ్లీ తలుపులు తీసేటప్పటికి ఆ నెయ్యి ఎండకుండా ఉంటే ఆ ఏడు బాగుంటుందని నమ్మకం. గుడి మూశాక ఊరివాళ్లూ గోపేశ్వర్ వైపు దిగిపోతారు. చలికాలం వెళ్తే కనిపించేవి తాళాలే.

కాళేశ్వరంలో మనం అంతర్వాహిని అని మొక్కే సరస్వతి ఇక్కడ నదికి వంతెనలా ఉన్న భీమశిల అనే పెద్ద బండ కింద హోరెత్తుతూ దూకి, కేశవప్రయాగ దగ్గర అలకనందలో కలుస్తుంది. 2025 మేలో అక్కడా పుష్కరాలు జరిగాయి.

మనవాళ్లు చేసే పొరపాటు తొందర. బదరీ దారిలోని జోషీమఠ్ ఎత్తు 1,900 మీటర్లు, మానా 3,200. కింద నుంచి ఒక్క రోజులో ఎక్కేసి, ఆ సాయంత్రమే మానా మెట్లెక్కితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగండి, బదరీలో మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి. లక్షణాలు ముదిరితే మాత్ర వేసుకుని పడుకోవడం కాదు, వెంటనే కిందికి దిగాలి. వసుధార జలపాతం మానా నుంచి 5 కిలోమీటర్ల నడక. పొద్దున్నే బయల్దేరాలి, మధ్యాహ్నం దాటితే చలిగాలి లేస్తుంది. ఆ జలపాతం తుంపర పాపాత్ముల మీద పడదంటారు. వంద మీటర్లకు పైనుంచి పడే నీటిని గాలి ఎటు తోస్తే అటు పోతుంది, పుణ్యాత్ములు తడవకపోయినా దిగులక్కర్లేదు.

ఈసారి యాత్రా కథనం వేసేటప్పుడు, మానాలోని 'చివరి టీ కొట్టు' ఫొటోతో పాటు ఆ కనుమ దారి పటం కూడా వేయగలరు.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం