చదువుకునేదానికి పోయిన పిల్ల గైర్హాజరు ఎట్లయింది? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం కమలానగర్‌లో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఇరవై ఏళ్ళుగా పిల్లల టీసీలు, మార్కుల మెమోలు, అమెరికాకు ఎమ్మెస్‌కు పోయేవాళ్ళ ఐ-20 అడ్మిషన్ కాగితాలు ఎన్నో నా మిషన్ మీద తీసిచ్చాను. కాగితాలంటే నాకు బెరుకు లేదు. అయినా మా పాప కాగితం ఒకటి ఈ ఏడాది నాకు నిద్ర లేకుండా చేసింది. అందుకే ఈ లేఖ.

పాప బీటెక్ ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి. మూడో ఏడాదిలో ఉండగా ఎరాస్మస్ ప్లస్ కింద ఒక సెమిస్టర్ ఐరోపాలో చదివే అవకాశం వచ్చింది. 1987లో ఐరోపా దేశాలు తమ పిల్లల కోసం మొదలుపెట్టుకున్న ఏర్పాటు ఇది. ఇప్పుడు మన పిల్లలనూ తీసుకుంటున్నారు. అక్కడ ఫీజు కట్టే పని లేదు. దేశాన్ని బట్టి ఖర్చులకు నెలకు 800 నుంచి 900 యూరోల దాకా వాళ్ళే ఇస్తారు. చదువుకుని తిరిగి వచ్చేయాలి. ఇల్లు తాకట్టు పెట్టి పంపే చదువు కాదు కాబట్టే మాలాంటివాళ్ళం ధైర్యం చేశాం.

పోలండ్, పోర్చుగల్ రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నారు. పోర్చుగల్లో సముద్రం ఉంది, చలి తక్కువ, అక్కడికే పోతుందిలే అనుకున్నాను. పాప మాత్రం వారం రోజులు షాపులోనే కూర్చుని, తన త్రీ-టూ (మూడో ఏడాది రెండో సెమిస్టర్) సిలబస్ ఒక పక్క, ఆ రెండు యూనివర్సిటీల సిలబస్‌లు ఇంకో పక్క పెట్టుకుని, పచ్చ స్కెచ్ పెన్నుతో గీతలు గీసింది. పవర్ సిస్టమ్స్‌కు ఏది సరిపోతుంది, మైక్రోప్రాసెసర్స్‌కు ఏది సరిపోతుంది అని. పోర్చుగల్లో తనకు కావాల్సిన రెండు సబ్జెక్టులు పోర్చుగీసులోనే చెప్తారట. పోలండ్‌లో అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అంతే, మైనస్ డిగ్రీల చలికి ఒప్పుకుంది. ఊరు చూసి కాకుండా సిలబస్ చూసి దేశాన్ని ఎంచుకున్న పిల్ల అని మీకు చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంది.

ఇక ఆ కాగితం సంగతి. దాని పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. పాప అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతుందో, వాటిని ఇక్కడ దేనికింద లెక్కేస్తారో అందులో రాసి, కింద మూడు సంతకాలు పెట్టాలి. ఒకటి పాపది, రెండోది పంపే కాలేజీది, మూడోది చేర్చుకునే యూనివర్సిటీది. మూడో గడిలో పోలండ్ మేడమ్ రెండు రోజుల్లో సంతకం చేసి మెయిల్ చేసింది. మధ్య గడి మాత్రం 23 రోజులు ఖాళీగా ఉండిపోయింది. బ్రాంచి హెడ్ అయిన హెచ్‌ఓడీ ప్రిన్సిపాల్ దగ్గరికి పొమ్మన్నారు, ప్రిన్సిపాల్ ఎగ్జామ్ సెక్షన్‌కు పొమ్మన్నారు, ఎగ్జామ్ సెక్షన్‌లో ‘మాకు ఇట్లాంటి సర్క్యులర్ ఏదీ రాలేదు’ అన్నారు. వాళ్ళను తప్పు పట్టను. సంతకం పెట్టమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు, రేపు ఏదన్నా అయితే మెడకు చుట్టుకుంటుందని ఎవరి భయం వాళ్ళది. చివరికి గడువుకు ఒక రోజు ముందు ఒక పెద్దమనిషి దయతలచి పెట్టారు.

ఫిబ్రవరిలో బయలుదేరింది. మాకు దగ్గర అంతర్జాతీయ విమానాశ్రయం బెంగళూరు దేవనహళ్ళిదే, 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా పోవడమే. ఇంటి దగ్గర పెట్టె బరువు తూస్తే 23 కిలోలకు రెండు కిలోలు ఎక్కువ. మా ఆవిడ చెనక్కాయల పొడి తీయనివ్వలేదు. నెయ్యి డబ్బా మాత్రం పాపే తీసి పక్కన పెట్టింది. పాలతో, మాంసంతో చేసినవి మనం ఐరోపాలోకి పట్టుకుపోకూడదట. ఆ డబ్బాను చూసి మా ఆవిడ పెనుకొండ దాటేదాకా ఏడ్చింది.

జూలైలో 30 క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు లెక్కగట్టే పాయింట్లు, తెచ్చుకుని తిరిగి వచ్చింది. వచ్చాక కాలేజీ పోర్టల్ తెరిస్తే త్రీ-టూ హాజరు సున్నా, పేరు పక్కన ‘డిటెయిన్డ్’. 75 శాతం హాజరు ఉండాలి, 65 దాకా తగ్గితే కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకు తగ్గితే అదే సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. ఆ కంప్యూటర్‌కు పోలండ్‌లో చదివిన పిల్లా, క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోయిన పిల్లా ఒకటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా హాజరు మీదే ఉంటుంది కాబట్టి అదీ ఆగింది. పైగా ‘ఒక్క సెమిస్టర్‌లో 30 క్రెడిట్లు ఎట్లా వస్తాయి, ఏదో తప్పుంది’ అని ఒకాయన అనుమానం. మన బీటెక్ నాలుగేళ్ళకు 160, అంటే సెమిస్టర్‌కు సుమారు 20. అక్కడ మాత్రం సెమిస్టర్‌కు 30 అనేది లెక్క. గజాలకూ మీటర్లకూ ఉన్నంత తేడా, అంతకుమించి ఏమీ లేదు.

ఇప్పుడు పాప ఫోర్-వన్ క్లాసులో కూర్చుంటోంది గానీ హాజరు పిలిచేటప్పుడు తన పేరు రాదు.

విదేశాల్లో సంపాదించిన క్రెడిట్లను డిగ్రీకి లెక్కేయవచ్చని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. అయితే, తగిన చోట, ఆయా సంస్థల అవసరాల ప్రకారం అని ఒక మాట కలిపారు. మా పాప ఇరుక్కున్నది సరిగ్గా ఆ మాటలోనే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నది డబ్బు కాదు, ఒక్క జీవో. లెర్నింగ్ అగ్రిమెంట్ మీద కాలేజీ తరఫున ఎవరు సంతకం పెట్టాలో, ఎన్ని రోజుల్లో పెట్టాలో అందులో రాయించండి. సంతకం అయ్యాక అందులోని సబ్జెక్టులు పాసై వస్తే మళ్ళీ రాయమని అడగకూడదని చెప్పండి. ఆటల పోటీలకూ ఎన్‌సీసీ క్యాంపులకూ పోయిన పిల్లలకు హాజరు ఇస్తున్నట్టే వీళ్ళకూ ఇప్పించండి, రీయింబర్స్‌మెంట్ ఆపకుండా చూడండి. ఆ జీవో మా పాపకు వర్తించకపోయినా సరే, వచ్చే ఏడాది పోవాలని జూనియర్లు ఇద్దరు ఇప్పటికే షాపుకు వచ్చి పాపను వివరాలు అడుగుతున్నారు. ‘పొండి’ అని చెప్పాలో వద్దో దానికి తెలియడం లేదు.

లెర్నింగ్ అగ్రిమెంట్, పోలండ్ మార్కుల పత్రం, పోర్టల్ పేజీ మూడింటి కాపీలూ మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. అక్షరం చెదరకుండా నేనే తీశాను.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి,
అనంతపురం